ముందు ఎవరు వెళ్ళాలి? దేశానికో జవాబు

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో సిగ్నల్ దగ్గర పచ్చ లైటు నాలుగు సార్లు వెలిగి ఆరుతుంది. పచ్చ అయిపోతోంది, పసుపు రాబోతోంది, ఆగడానికి సిద్ధపడండి అని దాని అర్థం. కెనడా పశ్చిమ తీరాన ఉన్న వాంకూవర్‌లో వెలిగి ఆరే పచ్చ లైటు చెప్పేది ఇంకోటి. ఆ సిగ్నల్ రోడ్డు దాటే మనుషుల చేతిలో ఉంది, ఎవరైనా బటన్ నొక్కితే ఎరుపు పడుతుంది, అప్పటిదాకా వెళ్ళవచ్చు. అదే కెనడాలో తూర్పున ఉన్న ఒంటారియోలో ఈ లైటుకు మూడో అర్థం ఉంది: ఎదుటివాళ్ళకు ఎరుపు పడింది, మీరు నిశ్చింతగా ఎడమకు తిరగవచ్చు. అక్కడ ఇప్పుడు వీటి బదులు బాణం గుర్తులు పెడుతున్నారు కానీ, దశాబ్దాల అలవాటు జనంలో ఉండిపోయింది.

ఒంటారియోలో నేర్చుకున్న డ్రైవరు వాంకూవర్ వెళ్ళాడనుకుందాం. వెలిగి ఆరే పచ్చ చూసి, ఎదురుగా ఎవరూ రారన్న నమ్మకంతో ఎడమకు తిప్పుతాడు. కుడి పక్కన నడిపే చోట ఎడమకు తిరగాలంటే ఎదురు ట్రాఫిక్‌ను దాటాల్సిందే. ఎదుటివాళ్ళకూ అదే పచ్చ వెలుగుతూ ఉంటుంది. దేశం మారలేదు, లైసెన్సు చెల్లుతుంది, సిగ్నల్ కూడా కనిపించింది. తేడా వచ్చిందల్లా ఆ సిగ్నల్‌ని చదవడంలో.

ట్రాఫిక్ రూల్స్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి బోర్డులు, స్పీడ్ లిమిట్లు, చలానాలు. నిజానికి వీటన్నిటి కింద ఒకే ప్రశ్న ఉంటుంది. ఇద్దరు ఒకే చోటికి ఒకేసారి వస్తే ఎవరు ఆగాలి? ప్రతి దేశం దీనికి తన జవాబు తాను రాసుకుంది. వేరే దేశంలో స్టీరింగ్ పట్టుకునేవాళ్ళు ముందు తెలుసుకోవలసింది ఆ జవాబే. బోర్డులు దారిలో కనిపిస్తూనే ఉంటాయి. ఎదుటి డ్రైవరు మన నుంచి ఏం ఆశిస్తున్నాడో మాత్రం ఏ బోర్డు మీదా రాసి ఉండదు.

దేశాలన్నీ కలిసి ఒకే పద్ధతి పెట్టుకోవాలని ప్రయత్నించకపోలేదు. 1949లో జెనీవాలో ఒక ఒప్పందం, 1968లో వియన్నాలో రోడ్డు రాకపోకల మీద ఒకటి, గుర్తులు, సిగ్నళ్ళ మీద ఇంకొకటి కుదిరాయి. ఎర్ర అంచున్న త్రికోణం అంటే హెచ్చరిక, ఎర్ర అంచున్న గుండ్రం అంటే నిషేధం అన్న యూరప్ అలవాటు చాలా దేశాలకు పాకిందంటే ఈ ఒప్పందాల వల్లే. అమెరికా మాత్రం 1968 ఒప్పందాల్లో చేరలేదు. అక్కడ హెచ్చరిక బోర్డు పసుపు రంగు డైమండ్ ఆకారంలో ఉంటుంది, మీద చాలాసార్లు మాటల్లోనే రాసి ఉంటుంది. ఎనిమిది మూలల ఎర్ర స్టాప్ బోర్డు దాదాపు ప్రపంచమంతా ఒకటే, కానీ జపాన్‌లో అది తలకిందులైన ఎర్ర త్రికోణం. యూరప్‌లో చాలాచోట్ల తలకిందుల త్రికోణమంటే దారి ఇస్తే చాలు, పూర్తిగా ఆగక్కర్లేదు. ఆ అలవాటుతో జపాన్‌లో నెమ్మదించి ముందుకు పోతే తప్పు చేసినట్టే.

రోడ్డు మీది గీతలదీ ఇదే కథ. అమెరికాలో పసుపు గీత ఎదురుగా వచ్చే వాహనాలను వేరుచేస్తుంది. గీత పసుపు రంగులో ఉంటే అవతల ఎదురు ట్రాఫిక్ ఉందని అక్కడి డ్రైవర్లకు కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. జర్మనీలో రెండు వైపుల మధ్యా తెల్ల గీతే ఉంటుంది. అక్కడ పసుపు గీత పడిందంటే ముందు రోడ్డు పని జరుగుతోందని, పాత తెల్ల గీతలను వదిలేసి పసుపు గీతల ప్రకారమే వెళ్ళాలని అర్థం. రెండూ కనిపిస్తున్నచోట తెల్ల గీతను పట్టుకుని వెళ్ళినవాళ్ళు పక్క లేన్‌లోకి దూరిపోతారు.

ఎడమా, కుడా అన్నది అందరికీ తెలిసిన తేడా. ప్రపంచ జనాభాలో దాదాపు మూడోవంతు ఎడమ పక్కన నడిపే దేశాల్లో ఉంది. పక్క మార్చడం ఎంత పెద్ద పనో స్వీడన్‌ను చూస్తే తెలుస్తుంది. 1955లో ప్రజలను అడిగితే 83 శాతం మంది ఎడమే ఉండనివ్వమన్నారు. చుట్టుపక్కల దేశాలన్నీ కుడి పక్కన నడుస్తున్నాయి, పైగా స్వీడన్ కార్లలో చాలావాటికి స్టీరింగ్ ఎడమవైపే ఉంది. దాంతో పార్లమెంటు 1963లో మార్పుకే ఓటు వేసింది. 1967 సెప్టెంబర్ 3 తెల్లవారుజామున దేశమంతా వాహనాలు ఆగి, జాగ్రత్తగా పక్క మారి, 5 గంటలకు మళ్ళీ కదిలాయి. ఆ తర్వాత కొద్దికాలం ప్రమాదాలు తగ్గాయి. అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడపడమే కారణం. అలవాటు కుదిరాక ప్రమాదాల సంఖ్య మళ్ళీ పాత స్థాయికి చేరింది. అలవాటు మనిషి జాగ్రత్తను ఎంతగా జోకొడుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

సమోవా 2009 సెప్టెంబర్ 7న దీనికి ఎదురు దిశలో, కుడి నుంచి ఎడమకు మారింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్ నుంచి వాడిన కార్లు చవకగా తెచ్చుకోవచ్చన్నది అక్కడి ప్రభుత్వం చెప్పిన కారణం. మయన్మార్ 1970లో కుడికి మారింది కానీ, జపాన్ నుంచి వచ్చిన కార్లు చాలావాటికి స్టీరింగ్ కూడా కుడివైపే ఉండిపోయింది. అంటే ముందున్న లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ఎదురు ఏం వస్తోందో డ్రైవరుకు సరిగా కనిపించదు. చట్టం ఒక్క రోజులో మారవచ్చు, వాహనాలు మారడానికి ఒక తరం పడుతుంది.

మనకు అలవాటు లేని పక్కన నడిపే దేశానికి వెళ్ళినప్పుడు రద్దీ రోడ్డు మీద పొరపాటు తక్కువ జరుగుతుంది, ఎందుకంటే ముందు వాహనాన్ని చూసి వెనక వెళ్ళిపోవచ్చు. అసలు ప్రమాదం ఖాళీ రోడ్డు మీద. పెట్రోలు బంకు నుంచి బయటికి వచ్చినప్పుడు, పొద్దున్నే హోటల్ పార్కింగ్ నుంచి తీసినప్పుడు చుట్టూ ఎవరూ ఉండరు, చేతులు పాత అలవాటు ప్రకారం పోతాయి. నడిచేవాళ్ళకూ ఇదే ముప్పు. లండన్‌లో రోడ్డు దాటే చోట నేల మీదే ‘కుడివైపు చూడండి’ అని పెద్ద అక్షరాలతో రాశారు. ఎడమకు మాత్రమే చూసి అడుగేసే పరదేశీయుల ప్రాణాలు కాపాడటానికి ఆ కాస్త పెయింటు చాలు.

అయితే పక్క తేడా కనీసం కంటికి కనిపిస్తుంది, కూడలిలో ఎవరు ముందు అన్నది కనిపించదు. ఫ్రాన్స్, జర్మనీ వంటి దేశాల్లో ఏ బోర్డూ, సిగ్నలూ లేని చోట కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకే ముందు హక్కు. మనం వెడల్పయిన రోడ్డు మీద ఉన్నా, వాళ్ళు చిన్న సందులోంచి వస్తున్నా సరే. ఇళ్ళ మధ్య వీధుల్లో ఈ రూల్ వల్ల ప్రతి సందు దగ్గరా డ్రైవరు నెమ్మదించక తప్పదు. వేగం తగ్గించే బోర్డు పెట్టకుండానే వేగం తగ్గుతుంది. బ్రిటన్‌లో ఇలాంటి రూల్ లేదు. నేరుగా వెళ్ళే పెద్ద రోడ్డుదే పైచేయి అనుకునే అక్కడి డ్రైవరు ఫ్రాన్స్ పల్లెలో కుడి సందును పట్టించుకోడు. సందులోంచి వచ్చే స్థానికుడు మాత్రం తనకు దారి ఇస్తారన్న ధీమాతో ఆగకుండా వస్తాడు. చట్టం తెలియనివాడి కంటే ఒక్కోసారి చట్టాన్ని గట్టిగా నమ్మినవాడికే దెబ్బ ఎక్కువ తగులుతుంది.

రౌండ్ అబౌట్ల చరిత్ర ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బ్రిటన్‌లో మొదట్లో లోపల తిరుగుతున్నవాళ్ళు ముందా, లోపలికి వచ్చేవాళ్ళు ముందా అన్నది ఎక్కడా రాసి లేదు. రద్దీ పెరిగితే అందరూ లోపలికి దూరి, ఎవరూ బయటికి రాలేక మొత్తం బిగుసుకుపోయేది. 1966లో ఒక్క రూల్ తెచ్చారు: లోపల తిరుగుతున్నవాళ్ళకు దారి ఇచ్చాకే లోపలికి రావాలి. రోడ్డు వెడల్పు చేయలేదు, సిగ్నల్ పెట్టలేదు. ఆగేది ఎవరో తేల్చినందుకే చిక్కుముడి విడిపోయింది. ఇప్పుడు చాలా దేశాలు అనుసరించేది ఈ పద్ధతినే. ఫ్రాన్స్ కూడా 1980ల్లో కొత్త రౌండ్ అబౌట్లకు దీన్నే పెట్టుకుంది. కానీ పారిస్‌లో పన్నెండు దారులు కలిసే ఎత్వాల్ కూడలిలో మాత్రం పాత కుడివైపు హక్కే నడుస్తోంది. అక్కడ లోపల తిరుగుతున్నవాళ్ళే ఆగి, కొత్తగా వచ్చేవాళ్ళను రానివ్వాలి. ఊరి బయట రౌండ్ అబౌట్‌లో నేర్చుకున్నది ఊరి నడిబొడ్డున తిరగబడుతుంది.

అమెరికాలో నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడళ్ళు చాలా ఉంటాయి. అక్కడ ముందు వచ్చి ఆగినవాళ్ళు ముందు కదులుతారు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపున ఉన్నవాళ్ళది ముందు వంతు. అంటే ఎవరి తర్వాత ఎవరు వచ్చారో ప్రతి డ్రైవరూ గుర్తు పెట్టుకోవాలి. బోర్డు కంటే నలుగురి నిజాయితీ మీదే ఎక్కువ ఆధారపడే పద్ధతి ఇది, అయినా బాగానే నడుస్తోంది. చక్రం ఇంకా తిరుగుతుండగా నెమ్మదిగా జారుకుంటూ పోతే ఆగినట్టు కాదు. పూర్తిగా ఆపకపోతే డ్రైవింగ్ పరీక్ష అక్కడే పోతుంది.

ఎరుపు ఉన్నా కుడికి తిరగవచ్చన్న రూల్ కూడా అమెరికాలో బాగా పాతుకుపోయింది. 1970ల్లో ఇంధన కొరత వచ్చినప్పుడు, సిగ్నల్ దగ్గర ఊరికే పెట్రోలు తగలబెట్టడం ఎందుకని దాన్ని దేశమంతా వ్యాపింపజేశారు. ముందు పూర్తిగా ఆగాలి, నడిచేవాళ్ళకు దారి ఇవ్వాలి, ఆ తర్వాతే తిరగాలి. న్యూయార్క్ నగరంలో మాత్రం ప్రత్యేకంగా బోర్డు ఉంటేనే తిరగాలి, లేకపోతే కూడదు. జర్మనీలో మామూలుగా ఎరుపంటే ఎరుపే. సిగ్నల్ పక్కన నల్ల పలక మీద పచ్చ బాణం ఉంటే మాత్రం ఆగి చూసుకుని తిరగవచ్చు. అది తూర్పు జర్మనీలో పుట్టిన పద్ధతి, రెండు జర్మనీలు కలిశాక కూడా దాన్ని ఉంచుకున్నారు. పెట్రోలు ఆదా కోసం పుట్టిన వెసులుబాటుకు మూల్యం చెల్లిస్తున్నది నడిచేవాళ్ళే అన్న విమర్శలో బలం ఉంది. డ్రైవరు చూపంతా ఎడమ నుంచి వచ్చే కార్ల మీద ఉంటుంది, కుడివైపు నుంచి జీబ్రా క్రాసింగ్ మీద అడుగుపెట్టిన మనిషి మీద ఉండదు.

చట్టంలో లేని భాష కూడా రోడ్డు మీద ఉంటుంది. హెడ్‌లైట్ ఒకసారి ఫ్లాష్ చేస్తే బ్రిటన్‌లో చాలామంది దాన్ని ‘మీరు వెళ్ళండి’ అని తీసుకుంటారు. అక్కడి హైవే కోడ్ మాత్రం నేనిక్కడ ఉన్నానని చెప్పడానికి తప్ప లైటు ఫ్లాష్ చేయకూడదంటుంది. చాలా దేశాల్లో అదే ఫ్లాష్‌కు ‘నేను వస్తున్నాను, తప్పుకోండి’ అని అర్థం. ఒక్క మెరుపుకు రెండు అర్థాలు, అదీ పూర్తిగా ఎదురెదురు అర్థాలు. పరాయి దేశంలో ఎవరు లైటు కొట్టినా దాన్ని మాటగా తీసుకోకుండా, ఎదుటి వాహనం నిజంగా ఆగిందో లేదో చూసి కదలడమే క్షేమం.

కొన్ని రూల్స్ ఆ దేశంలో పుట్టి పెరిగినవాళ్ళకు ఎంత సహజమంటే, కొత్తవాళ్ళకు చెప్పాలని కూడా వాళ్ళకు తోచదు. జపాన్‌లో రైలు గేటు తెరిచి ఉన్నా, రైలు రాకపోయినా, పట్టాల ముందు ప్రతి వాహనమూ పూర్తిగా ఆగి చూసుకుని వెళ్ళాలి. గేటు తెరిచి ఉంది కదా అని ఆగకుండా వెళ్ళే విదేశీయుడు ముందు కారును వెనక నుంచి గుద్దే అవకాశం ఉంది. అమెరికాలో పసుపు స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే, వెనక ఉన్నవాళ్ళే కాదు, ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా ఆగాలి. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్ల మీద చాలా రాష్ట్రాలు ఎదుటివాళ్ళకు మినహాయింపు ఇస్తాయి. బస్సు దిగిన పిల్లవాడు ఎటు పరిగెత్తుతాడో ఎవరికీ తెలియదు కాబట్టి పెద్దవాళ్ళందరూ ఆగడమే సరైన పని. జర్మనీలో హైవే మీద ట్రాఫిక్ నిలిచిపోవడం మొదలవగానే ఎడమ చివరి లేన్‌వాళ్ళు ఎడమకు, మిగతా లేన్లవాళ్ళు కుడికి జరిగి మధ్యలో దారి వదలాలి. అంబులెన్స్ సైరన్ వినిపించాక జరగడం కాదు, అది రాకముందే దారి సిద్ధంగా ఉండాలి. ఇరుక్కుపోయిన కార్ల మధ్య అప్పటికప్పుడు సైడ్ ఇద్దామన్నా చోటు ఉండదు. ఈ ఒక్క రూల్‌ను ప్రపంచంలోని ప్రతి దేశమూ అరువు తెచ్చుకోవచ్చు.

వేగం సంగతి వస్తే అందరూ జర్మనీ ఆటోబాన్ పేరే ఎత్తుతారు. అక్కడ చాలా భాగాల్లో పరిమితి లేని మాట నిజమే. కానీ 130 కిలోమీటర్లు దాటవద్దన్న సిఫారసు ఉంది. అంతకు మించి వెళ్తూ ప్రమాదంలో ఇరుక్కుంటే, తప్పు ఎదుటివాళ్ళదే అయినా నష్టంలో కొంత భాగం తన మీద పడవచ్చు. కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేయడం నిషేధం. పెట్రోలు అయిపోయి ఆగినా జరిమానా పడుతుంది, ఎందుకంటే అది ముందే చూసుకోవలసిన సంగతి. స్వేచ్ఛ ఇచ్చిన చోట క్రమశిక్షణను ఎంత బిగించారో ఇందులోనే ఉంది. ఫ్రాన్స్‌లో హైవే మీద 130 వెళ్ళవచ్చు, వాన పడితే 110. నెదర్లాండ్స్ 2020 మార్చి నుంచి పగటి పూట హైవేల మీద 100కి తగ్గించింది, గాలిలో నైట్రోజన్ కాలుష్యం తగ్గించడానికి. స్పెయిన్ 2021 మేలో, ఒక్కో దిశకు ఒక్కో లేనే ఉన్న ఊరి వీధుల్లో పరిమితిని 30 చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుంది. ఆ సంస్థ అంచనాలోనే 2021లో రోడ్డు ప్రమాదాల్లో 11.9 లక్షల మంది పోయారు, వారిలో సగానికి పైగా నడిచేవాళ్ళు, సైకిళ్ళు, మోటార్‌సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు. ఊరి వీధిలో 50, 30 మధ్య తేడా కారులో కూర్చున్నవాళ్ళకు ఒకటి రెండు నిమిషాలు, బయట ఉన్నవాళ్ళకు ప్రాణం.

మద్యం విషయంలో సరిహద్దు దాటితే లెక్క మారిపోతుంది. ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ వరకు పరిమితి. అక్కడి నుంచి సరిహద్దులో ఏ అడ్డూ లేకుండా వెళ్ళగలిగే పక్కనున్న స్కాట్లండ్‌లో 2014 నుంచి 50 మాత్రమే. స్వీడన్, నార్వేల్లో 20. చెక్ రిపబ్లిక్, హంగరీల్లో సున్నా. జపాన్ 2007లో ఇంకో అడుగు వేసింది. తాగినవాడికి కారు ఇచ్చినవాళ్ళు, నడపబోతున్నాడని తెలిసీ మద్యం పోసినవాళ్ళు, తాగాడని తెలిసీ దింపమని అడిగి పక్కన కూర్చున్నవాళ్ళు కూడా శిక్షకు గురవుతారు. తాగి నడపడం ఒక్కడి తప్పు కాదు, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళందరి తప్పు అన్న ఆలోచన అది. మిగతా దేశాలు 50, 80 అంటూ అంకెల దగ్గర ఆగిపోతే, జపాన్ చట్టం కారు తాళం చేతులు మారే క్షణాన్ని పట్టుకుంది.

ఇక లైసెన్సు. 1888లో కార్ల్ బెంజ్ తన బండి నడుపుకోవడానికి అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకున్నాడు, పొగ, చప్పుడు భరించలేక జనం గొడవ చేస్తున్నారని. దాన్నే తొలి లైసెన్సుగా చెబుతారు. బ్రిటన్‌లో 1903 చట్టంతో లైసెన్సు వచ్చింది కానీ, డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరి అయింది 1935లో. మధ్యలో ముప్పై ఏళ్ళు డబ్బు కట్టినవాళ్ళందరికీ కాగితం ఇచ్చేశారు. నడపడం వచ్చా అని అడగకుండా ఇచ్చే కాగితం వల్ల ఎవరికీ రక్షణ లేదని తెలుసుకోవడానికి అంత కాలం పట్టింది.

లైసెన్సుకు ముందు ఏం నేర్పాలన్నది ప్రతి దేశం తన భయాన్ని బట్టి నిర్ణయించుకుంటుంది. నార్వేలో జారే ట్రాక్ మీద బ్రేకు వేసి చూపిస్తారు, కారు అదుపు తప్పడం ఎలా ఉంటుందో ఒంటికి తెలిసేలా. చీకట్లో నడపడం మీద కూడా శిక్షణ ఉంటుంది. వేసవిలో అక్కడ రాత్రి సరిగా చీకటి పడదు కాబట్టి దాన్ని చలికాలంలోనే పెడతారు. జర్మనీలో డ్రైవింగ్ స్కూల్ తప్పనిసరి. ప్రథమ చికిత్స కోర్సు చేయాలి, ఊరి బయటి రోడ్ల మీద 5, ఆటోబాన్ మీద 4, రాత్రి పూట 3 పాఠాలు పూర్తి చేశాకే పరీక్షకు కూర్చోనిస్తారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 21 ఏళ్ళలోపువాళ్ళు 120 గంటలు అనుభవమున్న డ్రైవరు పక్కన ఉండగా నడిపి, అందులో 20 గంటలు రాత్రి నడిపి, ఆ లెక్క రాసి చూపించాలి. లైసెన్సు వచ్చాక కూడా కొన్నేళ్ళు కారుకు కొత్త డ్రైవరని తెలిపే ‘పి’ పలక పెట్టుకోవాలి, మద్యం పరిమితి సున్నా. కొత్త డ్రైవర్లకు హక్కులు ఒక్కసారి కాకుండా మెట్టుమెట్టుగా ఇవ్వాలన్న ఈ ఆలోచనను న్యూజిలాండ్ 1987లోనే దేశవ్యాప్తంగా అమలు చేసింది. ఇన్ని గంటలా అని నేర్చుకునేవాళ్ళకు టెన్షన్ పుట్టడం సహజమే. కానీ పరీక్ష పాసైన మొదటి కొన్ని నెలలే కొత్త డ్రైవరుకు అన్నిటికంటే ప్రమాదకరమైన కాలం. పక్కన పెద్దవాళ్ళు ఉండగా గడిచిన గంటలే అప్పుడు అక్కరకొస్తాయి.

వేరే దేశం వెళ్ళేవాళ్ళు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంటే ఎక్కడైనా నడపవచ్చనుకుంటారు. అది లైసెన్సు కాదు, సొంత దేశపు లైసెన్సుకు అనువాదం లాంటిది. అసలు లైసెన్సు వెంట లేకపోతే దానికి విలువ లేదు. పైగా అది ఏ ఒప్పందం కింద ఇచ్చిందో కూడా చూడాలి. 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చింది ఏడాది చెల్లుతుంది, 1968 ఒప్పందం ప్రకారం ఇచ్చింది మూడేళ్ళ వరకు. జపాన్ మొదటిదాన్నే ఒప్పుకుంటుంది. చైనా రెండింటినీ ఒప్పుకోదు, అక్కడే లైసెన్సు తీసుకోవాలి. విమానం టికెట్టు కొన్నాక ఇది తెలుసుకుంటే చేయగలిగింది పెద్దగా ఉండదు.

తప్పు చేసినవాళ్ళను ఎలా శిక్షించాలన్న దాంట్లోనూ దేశాలు వేర్వేరు దారులు పట్టాయి. ఫిన్లండ్‌లో వేగం బాగా మించితే జరిమానా ఆదాయాన్ని బట్టి పడుతుంది. 2002లో 50 పరిమితి ఉన్నచోట 75 వేగంతో వెళ్ళిన ఒక పెద్ద కంపెనీ డైరెక్టరుకు 1,16,000 యూరోలు వేశారు. ఆయన ఆదాయం తగ్గిందని తేలాక దాన్ని బాగా తగ్గించారు. అంటే లెక్క రెండు వైపులా పనిచేస్తుంది. ఒకే మొత్తం అందరికీ వేస్తే పేదవాడికి అది నెల జీతం, ధనికుడికి పార్కింగ్ టికెట్టు. జర్మనీ, బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ పాయింట్ల పద్ధతి పెట్టుకున్నాయి. జర్మనీలో 8 పాయింట్లు పడితే లైసెన్సు పోతుంది. డబ్బు ఎంత ఉన్నా పాయింట్లు అందరికీ ఒకటే.

నెదర్లాండ్స్ మాత్రం శిక్ష కంటే ముందు నష్టం ఎవరు భరించాలన్న దగ్గర మొదలుపెట్టింది. అక్కడి రోడ్డు రాకపోకల చట్టం 185వ అధికరణ ప్రకారం, మోటారు వాహనం సైకిల్‌ను గానీ నడిచే మనిషిని గానీ గుద్దితే, డ్రైవరు ఏ విధంగానూ తప్పించలేని పరిస్థితి అని రుజువు చేస్తే తప్ప నష్టపరిహారం వాహనం వైపు నుంచే రావాలి. తప్పులో ఎదుటివాళ్ళ వాటా ఉన్నా మామూలుగా కనీసం సగం వాహనం మీదే పడుతుంది. దెబ్బ తగిలింది 14 ఏళ్ళలోపు పిల్లలకైతే దాదాపు ఎప్పుడూ మొత్తం నష్టం వాహనానిదే. పిల్లవాడు చూసుకోకుండా బంతి వెనక పరిగెత్తి రోడ్డు మీదికి వచ్చినా సరే. పిల్లలు అలా పరిగెత్తుతారన్న సంగతి డ్రైవరు ముందే అనుకుని నడపాలని అక్కడి కోర్టులు చెబుతాయి.